పాప కొలతలు, వేరే పిల్లల కుర్చీలు

రోజు 1

పాప పోయి నాలుగు నెలలైంది. ఇవాళ పాప గది తలుపు తీసి, నోటుబుక్కు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఏమేం ఉన్నాయో ముందు రాసుకుంటే గానీ ఏది ఎవరికివ్వాలో తేలదని మా ఆవిడ అంది. తను లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, నేను ఒక్కొక్కటే చదువుతుంటే "ఇచ్చెయ్యండి", "అది ఉండనివ్వండి" అని చెబుతూ వచ్చింది.

చెక్క కుర్చీ ఒకటి, పాప కోసం కొలతలిచ్చి చేయించింది. నిలబెట్టే స్టాండు. స్నానం కుర్చీ, దాని వల కాస్త సాగింది. కఫం లాగే సక్షన్ మెషీను. కాళ్ళకి వేసే స్ప్లింట్లు మూడు జతలు, ఒక్కో జత ఒక్కో వయసుది. విప్పని డైపర్ ప్యాకెట్లు ఆరు. ఫిట్స్ మందు సీసాలు రెండు, ఒకదానికి సీలు కూడా తియ్యలేదు.

ఇందులో సగం ఎవరికీ ఇవ్వకూడనివే. స్ప్లింట్లు ఆ కాలికి అచ్చు తీసి చేసినవి, ఇంకో కాలికి తొడిగితే ఒరుసుకుని పుండ్లు పడతాయి. వాటి పట్టీలు, బకిళ్ళు మాత్రం విప్పి డబ్బాలో వేశాను. మందు సీలు తియ్యకపోయినా సరే, ఇంకో పిల్లకి మన చేత్తో ఇవ్వకూడదు. ఆ డోసు మా పాప బరువు చూసి రాసింది. మందుల షాపులో అప్పగించి పారేయించాలి. సక్షన్ మెషీనుకి గొట్టాలు, సీసా కొత్తవి వేయిస్తే ఇంకొకరికి పనికొస్తుంది. పాత గొట్టాలు చెత్తలోకే.

చిన్న జత స్ప్లింట్ల దగ్గర మా ఆవిడ "అది ఉండనివ్వండి" అంది. ఉంచాను.

రోజు 2

పువ్వులూ దండలూ వద్దన్నామని చుట్టాలు, ఆఫీసువాళ్ళు కలిసి పాప పేరు మీద కొంత డబ్బు ఇచ్చారు. అది అలాగే ఉంది. "ఏదైనా సంస్థకి కట్టేసి రసీదు తెచ్చుకోండి బావా, నిమ్మళంగా ఉంటుంది" అన్నాడు మా బావమరిది. తప్పేం లేదు, చాలామంది చేసే పనే. కానీ ఎనిమిదేళ్ళు ఈ చేతులకి పని ఉండేది. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చడం, వీపు తట్టడం, బెల్టు బిగించడం, విప్పడం. ఇప్పటికీ ఆ టైముకి మెలకువ వస్తుంది. రసీదు ఆ టైములో పనికి రాదు.

ప్లాను ఇది. నిన్నటి నుంచి లెక్కేస్తే పాప తొమ్మిదో పుట్టినరోజు సరిగ్గా 90వ రోజు. ఆ రోజుకి తొమ్మిదిమంది పిల్లలకి తొమ్మిది కుర్చీలు. మొదటిది పాప కుర్చీయే. నోటుబుక్కు అట్ట మీద 9 అని పెద్దగా రాసి చుట్టూ సున్నా చుట్టాను.

రోజు 5

కుర్చీయే ఎందుకో ఒకసారి రాసిపెట్టుకుంటాను.

పాపకి సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండకపోవడం. ఈ పిల్లల కదలికని ఐదు స్థాయిలుగా చెబుతారు. 1997లో పాలిసానో అనే ఫిజియోథెరపీ నిపుణుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి తయారుచేసిన వర్గీకరణ అది. మొదటి స్థాయి పిల్లలు నడుస్తారు, మెట్లెక్కుతారు. ఐదో స్థాయి పిల్లలకి మెడ నిలపడం కూడా కష్టమే. మా పాపది ఐదు.

మెడ నిలవని పిల్లకి కుర్చీ అంటే కూర్చోవడం ఒక్కటే కాదు. పడుకోబెట్టి తినిపిస్తే తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నిటారుగా, గడ్డం కొంచెం కిందికి దించి కూర్చోబెడితే ఆ భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు. మా పాపని చివరికి తీసుకెళ్ళింది న్యుమోనియానే. కుర్చీ లేని రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. కుర్చీ వచ్చాక మూడేళ్ళకి ఒకసారి వచ్చింది, ఆ తర్వాత ఆఖరిసారి. ఇందులో కుర్చీ మహిమ ఎంతో నేను లెక్క తేల్చలేను. కానీ కుర్చీలో కూర్చున్న మొదటిరోజు పాప కిటికీ వైపు తల తిప్పి చూసింది. అంతకుముందు అది చూసిందల్లా సీలింగు.

రోజు 9

ఫిజియో మేడమ్ ఒక బాబు గురించి చెప్పింది. ఆరేళ్ళు, వాడిదీ ఐదో స్థాయే, కుర్చీ లేదు. పాప కుర్చీకి సాండ్‌పేపర్ పట్టి, కొత్త రెక్సిన్ వేసి, చక్రాలకి నూనె పెట్టి తీసుకెళ్ళాను. కూర్చోబెట్టాం. వాళ్ళమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మేడమ్ ఆ రోజు ఊళ్ళో లేదు. వచ్చాక చూస్తుందిలే అనుకున్నాను. నోటుబుక్కులో 9 పక్కన 1 అని వేశాను.

రోజు 16

పొద్దున్నే ఆ బాబు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, తప్పుగా అనుకోకండి. బాబు కుర్చీలో ఉండట్లేదు, జారిపోతున్నాడు. నడుం కింద ఎర్రగా అయింది" అంది. ఆ "తప్పుగా అనుకోకండి" నాకు గట్టిగా తగిలింది. వారం నుంచీ ఆవిడకి తెలుసు. ఉచితంగా ఇచ్చిన వస్తువు కదా, అందులోనూ చనిపోయిన పిల్లది కదా, ఎలా చెప్పడం అని ఆగింది.

మేడమ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళమ్మ బాబు చొక్కా ఎత్తి చూపించింది. వెన్నెముక అడుగున, తోక ఎముక పైన, రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ. మేడమ్ వేలితో నొక్కి వదిలింది. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. అక్కడ తెల్లబడలేదు. పుండుకి అది మొదటి మెట్టు.

"మీ కుర్చీ సీటు లోతెంత?" అంది. కొలిచాం, 31 సెంటీమీటర్లు. తర్వాత బాబుని కొలిచింది. వెనక పిరుదు నుంచి మోకాలి వెనక మడత దాకా 27. సీటు కాలి కన్నా పొడుగైతే మోకాలు మడత పడదు. పడాలంటే పిల్లాడు ముందుకి జారాల్సిందే. జారితే వీపు గూనిలా వంగి, కూర్చునే ఎముకల మీద ఉండాల్సిన బరువంతా తోక ఎముక మీదకొస్తుంది. వాడు మొండికెయ్యట్లేదు. ఆ కుర్చీలో మోకాళ్ళు మడవడానికి వాడికి వేరే దారి లేదు.

కుర్చీ వెనక్కి తెచ్చేశాను. 1 కొట్టేశాను.

రోజు 17

నిద్ర పట్టలేదు. పాపకి కుర్చీ చేయించినప్పుడు ఆరుసార్లు వెళ్ళి కొలతలు సరిచేయించిన మనిషిని నేను. పక్కవాళ్ళ బాబు దగ్గరకొచ్చేసరికి టేపు కూడా తీసుకెళ్ళలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం నేను చూడలేకపోయాను, అసలు సంగతి అది. అందులో ఎవరో ఒకరు కూర్చుంటే చాలనుకున్నాను. కూర్చునేది ఎవరన్నది చూడలేదు.

రోజు 20

మూడు రోజులు చదవడమే పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్‌చైర్లు ఎలా ఇవ్వాలో మార్గదర్శకాలు తెచ్చింది. అందులో ఎనిమిది మెట్లున్నాయి. మనిషి మన దాకా రావడం, పరీక్షించి కొలవడం, ఏది కావాలో రాయడం, డబ్బు సమకూర్చి ఆర్డరివ్వడం, తయారీ, కూర్చోబెట్టి సరిచూడటం, వాడకం నేర్పడం, తర్వాత మళ్ళీ మళ్ళీ చూస్తూ రిపేర్లు చెయ్యడం. ఎనిమిదిలో డబ్బుది ఒక్క మెట్టు. నేను ఆ ఒక్కటీ ఎక్కి మిగతా ఏడూ దాటేశాననుకున్నాను. అదే సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం వీల్‌చైరు అవసరమైనవాళ్ళు ప్రపంచంలో సుమారు 8 కోట్లమంది. దేశాన్ని బట్టి అందులో నూటికి ఐదుగురి నుంచి ముప్ఫై ఐదుగురికే అందుతోంది. అంత కొరత ఉన్నప్పుడు ఏదో ఒకటి ఇస్తే నయం కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ ఎర్ర మచ్చ చూశాక అనిపించట్లేదు.

బావమరిదికి చెప్పాను: ఎక్కడైనా డబ్బు కట్టేట్టయితే ముందు రెండే ప్రశ్నలు అడుగు. పిల్లల్ని కొలిచి ఇస్తారా? ఇచ్చాక ఆర్నెల్లకి మళ్ళీ చూస్తారా?

ఇంకో సంగతి కూడా దొరికింది. అట్టపెట్టెలతో కుర్చీలు! నమ్మలేదు మొదట. జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ అనే ఆయన పాత కాగితాలు, అట్టలు, పిండి జిగురుతో గట్టి సామాను చేసే పద్ధతి నేర్పాడు. వికలాంగ పిల్లల కుర్చీలు, నిలబడే స్టాండ్లు ఆఫ్రికాలో ఆ పద్ధతిలో చాలా చేశారు. న్యూయార్క్‌లో అలెక్స్ ట్రూస్‌డెల్ అనే ఆవిడ మందపాటి అట్టతో ఏ పిల్లకి ఆ పిల్లకే సరిపడా సామాను చేసే సంస్థ నడిపింది, 2015లో ఆవిడకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, అమెరికాలో ప్రతిభకి ఇచ్చే పెద్ద గుర్తింపు అది. అట్టలో నాకు నచ్చింది చవక కావడం కాదు. తప్పైతే కట్టర్‌తో కోసి మళ్ళీ అతికించుకోవచ్చు. చెక్కయితే వడ్రంగి దగ్గరికి పరుగెత్తాలి.

రోజు 23

ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు వచ్చే ఐదు పొరల పెట్టెలు పద్నాలుగు పోగయ్యాయి. తడిసినవి, మడత విరిగినవి పక్కన పడేశాను.

అట్టని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో అలలు అలలుగా ముడతలుంటాయి. ఆ ముడతలు నిలువుగా నిలబడేట్టు పెడితే బరువు మోస్తుంది, అడ్డంగా పెడితే నలిగిపోతుంది. అందుకని ఒక పొర నిలువు, మీది పొర అడ్డం, మళ్ళీ నిలువు, ఇలా మార్చి మార్చి అతికించాలి. నాలుగు పొరలు కలిస్తే రెండు సెంటీమీటర్ల పలక అయింది.

జిగురు: పిండిని ముందు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. తెల్లదనం పోయి గాజులా మెరవగానే దించెయ్యాలి. మొదటిసారి వేడి నీళ్ళు నేరుగా పిండి మీద పోశాను, మొత్తం ఉండలే. మా ఆవిడ వచ్చి గిన్నె లాక్కుంది. "ఎనిమిదేళ్ళు పాపకి జావ కాచాను, ఉండ కడితే గొంతులో పడుతుందని. జరగండి" అంది. గదిలోకి తను రావడం ఇదే మొదలు.

జిగురు పల్చగా, అంతటా సమంగా రాయాలి. ఎక్కువైతే అట్ట తడిసి మెత్తబడుతుంది. పలకల మీద నీళ్ళ క్యాన్లు బరువు పెట్టాం. లేకపోతే ఆరేటప్పుడు అప్పడంలా మెలిక తిరుగుతుంది.

రోజు 26

కొలతలు. ఈసారి మేడమ్ పక్కనుంటేనే.

బాబుని గట్టి బల్ల అంచున కూర్చోబెట్టి వెనక నుంచి వాళ్ళమ్మ పట్టుకుంది. మేడమ్ ముందు తుంటి దగ్గర చేతులు పెట్టి రెండు వైపులా ఎముక ఒకే ఎత్తులో ఉండేలా సరిచేసింది. "ఎప్పుడైనా తుంటి నుంచే మొదలుపెట్టాలి. అడుగు వంకరగా ఉంటే పైన తలకి ఎన్ని దిండ్లు పెట్టినా నిలవదు" అంది.

తుంటి వెడల్పు 22. మోకాలి నుంచి మడమ 24. సీటు నుంచి చంక కిందికి 30. తొడ పొడుగు కుడి 27, ఎడమ 25.5.

ఎడమది తప్పు కొలిచాననుకుని మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది. నడవని పిల్లల్లో తొడ ఎముక తుంటి గిన్నెలోంచి మెల్లగా పక్కకి జరిగిపోవడం మామూలేనట, అందుకే ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించమని మేడమ్ కాగితం రాసిచ్చింది. అంటే సీటు ముందంచు తిన్నగా కొయ్యకూడదు. మోకాలి మడతకి అంచు గుచ్చుకోకుండా రెండు సెంటీమీటర్లు వదిలేసి, కుడివైపు 25, ఎడమవైపు 23.5. షాపులో దొరికే ఏ కుర్చీకీ అలాంటి అంచు ఉండదు.

పక్క పేజీలో పాప పాత కొలతలున్నాయి. అదే నోటుబుక్కు. పేజీ తిప్పకుండా పైన క్లిప్పు పెట్టాను.

రోజు 32

పొద్దున చూస్తే రెండు పలకల మూలలు కొరికేసి ఉన్నాయి. ఎలుకలు. పిండి జిగురు కదా, వాటికి విందు. రాత్రి ఆరబెట్టడానికి కింద వదిలేశాను, అదీ నా తెలివి.

ఎలుకల మందు కలపమని ఒకాయన సలహా. నోట్లో పెట్టుకునే పిల్లాడి కుర్చీలో మందు కలపడమేంటి! పలకల్ని ఎత్తులో పెట్టాం. ఆరిన వెంటనే అంచులన్నీ పాత న్యూస్‌పేపర్ పట్టీలతో మూడు వరసలు మూసేశాం. పేపరు మీద రంగు, రంగు మీద వార్నిష్ వేస్తాం. తిరిగి మొదలు, ఆరు రోజులు పోయాయి.

రోజు 33

ఆరట్లేదు. ముసురు.

రోజు 41

కుర్చీ నిలబడింది.

వీపు పలక, సీటు పలక, రెండు పక్క పలకలు, కాళ్ళ కింద పెట్టె. పలకల్ని ఒకదాంట్లో ఒకటి దిగేట్టు గాడి కోసి, జిగురు పెట్టి దిగ్గొట్టాం. మేకు ఒక్కటి కూడా లేదు. సీటులో కూర్చునే ఎముకలు దిగే చోట కొంచెం గుంట చేసి, దాని ముందు రెండు సెంటీమీటర్ల గట్టు పెట్టాను. బాబు ఒళ్ళు బిగుసుకుపోయి ముందుకి తన్నినప్పుడు ఆ గట్టు ఆపుతుంది. నడుం బెల్టు పొట్ట మీదికి రాకూడదు. తుంటి మడతలో పడి, వెనక్కి, కిందికి లాగాలి, సీటుకి 45 డిగ్రీల ఏటవాలుగా. పాప స్ప్లింట్ల పట్టీలు, బకిళ్ళు ఇక్కడ వాడాను. మోకాళ్ళ మధ్య చిన్న దిమ్మ పెట్టాం. అది కాళ్ళు కత్తెర పడకుండా ఉండటానికే గానీ జారకుండా ఆపడానికి కాదు. దాంతో ఆపితే తొడల సందులో గుచ్చుకుంటుంది. పాపకి ఒకసారి అలా అయింది, అందుకే తెలుసు.

పిల్లలు పెరుగుతారు. అందుకని సీటుని రెండు సెంటీమీటర్లు ఎక్కువ లోతుగానే చేసి, వీపు ముందు రెండు సెంటీమీటర్ల విడి పలక నిలబెట్టాను. తొడ పెరిగితే ఆ పలక తీసేస్తే సరి. పాదాల కింద కూడా అంతే, పేర్చిన పలకల్లోంచి ఒకటి లాగేస్తే ఎత్తు తగ్గుతుంది.

పరీక్ష: నేను ఎక్కి నిలబడ్డాను, 74 కిలోలు. కిర్రుమనలేదు. మా పెద్దోడు, పాప వాళ్ళన్న, వాడు కూడా నా వీపెక్కాడు. ఇద్దరం పడ్డాం, కుర్చీ మాత్రం నిలబడే ఉంది.

రోజు 44

పేరు గొడవ. వీపు వెనక పాప పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు రాయిద్దామన్నాను. రంగు కూడా తెచ్చాను.

"ఆ కుర్చీ ఎవరిదండీ?" అంది మా ఆవిడ.

"బాబుది."

"మరి వాడి వీపు వెనక చచ్చిపోయిన పిల్ల పేరెందుకు? వాళ్ళమ్మ రోజూ అది చదువుకుంటూ అన్నం పెట్టాలా?"

నేనేం మాట్లాడలేదు. కాసేపు కోపం కూడా వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అదీ నిజమే. ఆవిడ రోజూ భయపడే విషయాన్నే ఆ కుర్చీకి బోర్డులా తగిలించబోయాను. బాబుకి ఏ రంగు ఇష్టమని ఫోన్ చేసి అడిగితే, వాళ్ళక్క చెప్పింది, పసుపు చూస్తే నవ్వుతాడని. పసుపు వేశాం.

పెద్దోడు మాత్రం రెండో కుర్చీ పలకలు అతికించేటప్పుడు లోపలి పొర మీద పెన్సిల్‌తో చెల్లి పేరు రాశాడు. నేను చూశాను. చూడనట్టు జిగురు రాసి మీద ఇంకో పొర వేసేశాను.

రోజు 47

కూర్చోబెట్టడం. మధ్యాహ్నం అంతా పట్టింది.

మొదట తల కుడికి వాలింది. పక్క దిమ్మలు చంక కింద ఒకటిన్నర సెంటీమీటర్లు దగ్గరికి జరపాలి. కట్టర్ తీసి అక్కడే కోసి, చిన్న పలక అతికించి, క్లాంపు పెట్టి ఆగాం. రెండోసారి కూర్చోబెడితే తల మధ్యలోకి వచ్చింది, పాదాలు మాత్రం గాల్లో ఉన్నాయి. ఒక పలక పెట్టాం. తర్వాత ట్రే తగిలించాం. రెండు మోచేతులూ ట్రే మీద పెట్టగానే బాబు తనంతట తానే తల ఎత్తాడు. మేడమ్ వాచీ చూసింది. నలభై సెకన్లు. వాలింది, మళ్ళీ ఎత్తాడు.

ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి దించి, చొక్కా ఎత్తి చూశాం. పిరుదుల కింద కొంచెం ఎరుపు, అరగంట తిరక్కుండానే పోయింది. పోకపోతే కుర్చీలో తప్పున్నట్టే. మొదటి వారం రోజుకి రెండుసార్లు, ఇరవై నిమిషాలే, దించిన ప్రతిసారీ చర్మం చూసుకోవాలని చెప్పాం. ఏ చిన్న తేడా ఉన్నా మొహమాటపడకుండా ఫోన్ చెయ్యమని నేను మరీ మరీ చెప్పాను. "ఈసారి చేస్తాను అన్నయ్యా" అంది. ఒక నవ్వు నవ్వింది కూడా.

రోజు 52

చేసింది. ట్రే అంచుని బాబు కొరుకుతున్నాడట, వార్నిష్ ఊడుతోంది. నోట్లోకి వెళ్ళకూడదు. రెక్సిన్ పట్టీ కుట్టి అంచు మూసి వచ్చాను. నేను ఇచ్చిన ఏడు రోజుల్లో ఆ పాత కుర్చీ గురించి ఆవిడ ఒక్కసారే ఫోన్ చేసింది. దీని గురించి ఐదు రోజుల్లో మూడుసార్లు. మంచిదే.

రోజు 63

రెండో కుర్చీ, నాలుగేళ్ళ పాపకి. బాబు కుర్చీ డ్రాయింగే కాస్త తగ్గించి చేసేద్దామనుకున్నాను. మేడమ్ తల అడ్డంగా ఊపింది.

ఈ పాప ఒళ్ళు బిగుసుకోదు, పూర్తిగా మెత్తన. ఎక్కడ పెడితే అక్కడ వాలిపోతుంది. ముందుకి తన్నడమే లేనప్పుడు గట్టు ఎందుకు? దీనికి కావలసింది కుర్చీ మొత్తం కొంచెం వెనక్కి వాలడం, తలకి రెండు పక్కలా ఆసరా. మరీ వెనక్కి వాలిస్తే మళ్ళీ సీలింగే కనబడుతుంది, తినేటప్పుడు గొంతులో పడుతుంది కూడా. పది డిగ్రీలు వాల్చాం, తలకి గుర్రపు లాడం ఆకారంలో ఫోమ్ పెట్టాం. తినేటప్పుడు నిటారుగా రావడానికి కుర్చీ వెనక కాళ్ళ కింద పెట్టే చీలిక చెక్కలాంటి పలక ఒకటి విడిగా చేశాం.

ఈ పాపకి కళ్ళు బాగా కదులుతాయి. నేను టేపు లాగినప్పుడల్లా దాని వైపే చూసేది. కొలతలు అయిపోయాక కూడా రెండుసార్లు ఊరికే లాగాను.

రోజు 70

డబ్బిచ్చినవాళ్ళలో ఒకరు ఫొటోలు అడిగారు, పిల్లలు కుర్చీలో కూర్చున్నవి, పక్కన మేము నిలబడి ఉన్నవి. ఖాళీ కుర్చీ ఫొటో, ఖర్చుల లెక్క పంపాను. ఫోమ్, రెక్సిన్, వార్నిష్, వెల్క్రో, మేడమ్ రాకపోకలు. మిగిలింది ఇంత. పిల్లల ఫొటోలు పంపనని రాశాను. ఆయనకి కొంచెం కష్టమనిపించినట్టుంది, రెండు రోజులు జవాబు లేదు. మా పాప ఫొటో ఒకటి ఎనిమిదేళ్ళ కిందట అడక్కుండా ఎవరో పోస్టరు మీద వేశారు, నోట్లోంచి చొంగ కారుతున్నది. అది నేనింకా మర్చిపోలేదు.

రోజు 90

పుట్టినరోజు.

పూర్తయినవి రెండు. మూడోదానికి పలకలు ఆరుతున్నాయి. పాప చెక్క కుర్చీ ఇంకా ఇంట్లోనే ఉంది. దాని కొలతలు ఓ కాగితం మీద రాసి మేడమ్‌కి ఇచ్చాను, సరిగ్గా సరిపోయే పిల్ల వస్తేనే ఇద్దామని. నిలబెట్టే స్టాండు మాత్రం కొలిచి చూసి ఒకరికి ఇచ్చేశాం. సక్షన్ మెషీన్ కూడా వెళ్ళింది, వాడే పద్ధతి వాళ్ళకి నర్సు నేర్పాక.

నోటుబుక్కు అట్ట మీది 9ని చూసి పెద్దోడు అడిగాడు, "నాన్నా, మిగతా ఏడూ ఎప్పుడు?" ఏమో అన్నాను. ఒక్కోదానికి నెల పైన పడుతోంది. ఇద్దరు పిల్లల దగ్గరికి తిరిగి వెళ్ళి చూడాల్సిన రోజులు కూడా ఇందులోంచే పోవాలి. 9 మీద గీత కొట్టలేదు. దాని చుట్టూ ఉన్న సున్నా మాత్రం రబ్బరు పెట్టి చెరిపేశాను, పెన్ను కదా, కాగితం చిరిగింది.

సాయంత్రం మా ఆవిడ మూడో కుర్చీ జిగురు కాచింది.

రోజు 131

మూడోది కూడా ఇచ్చాం. దాని గురించి రాయడానికేం లేదు, మొదటిసారే సరిపోయింది. చెయ్యి తిరుగుతోందన్నమాట.

రోజు 214

పసుపు కుర్చీ బాబు వాళ్ళమ్మ ఫోన్. "అన్నయ్యా, వీడు మళ్ళీ ఎలాగో కూర్చుంటున్నాడు. ఓసారి రండి."

నాకు ఒక్కసారిగా టెన్షన్. టేపు, కట్టర్, మేడమ్, ముగ్గురం వెళ్ళాం. చొక్కా ఎత్తి చూస్తే మచ్చ లేదు. కూర్చోబెట్టి చూస్తే మోకాళ్ళు సీటు అంచు దాటి బాగా ముందుకొచ్చి ఉన్నాయి, తొడల కింద ఆసరా చాలట్లేదు. పాదాలు పలక మీద ఆని మోకాళ్ళు పైకి లేచాయి. కొలిచాం. కుడి 29, ఎడమ 27.5. మోకాలి నుంచి మడమ 26. మేడమ్ ఎడమది రెండోసారి కూడా కొలిచింది. తేడా అంతే ఉంది, పెరగలేదు. తుంటికి ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే తీయిస్తున్నారట.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏం కాలేదమ్మా. పెరిగాడు."

వీపు ముందున్న విడి పలక పట్టుకుని లాగాను. వార్నిష్ పట్టేసి రాలేదు. కట్టర్ మొనతో రెండు అంచులూ గీసి, మెల్లగా ఊపితే వచ్చింది. పాదాల కింద నుంచి కూడా ఒకటి తీసేశాను. బాబుని కూర్చోబెట్టి బెల్టు మళ్ళీ సరిచేశాం, బకిలు ఒక బెజ్జం ముందుకి. పక్క దిమ్మలు పైకి జరపాలి, అవి ఎల్లుండి. వచ్చే కొలతలకి ఇక తీయడానికి పలక లేదు, కొత్త సీటు కొయ్యాలి. అట్ట చూసి పెట్టుకోవాలి, ఐదు పొరలది.